నడుస్తున్న ప్రోగ్రామ్‌లో విలువ మారిస్తే ఏం తెలుస్తుంది?

అనంతపురం జిల్లాలో మండలాలవారీగా నమోదైన వర్షపాతం తీసుకుని నెల సగటు లెక్కగట్టే చిన్న ప్రోగ్రామ్ ఒకటి ఉందనుకుందాం. ఇంజినీరింగ్ కాలేజీల ఫైనలియర్ ప్రాజెక్టుల్లో ఇలాంటివి మామూలే. 31 మండలాల అంకెలు కూడితే 1240 మిల్లీమీటర్లు. సగటు 40 రావాలి. స్క్రీన్ మీద మాత్రం 19.68 అని వస్తోంది. ఎర్రర్ ఏదీ లేదు, ప్రోగ్రామ్ మధ్యలో ఆగలేదు, గ్రాఫు కూడా చక్కగా గీసి పెట్టింది. పైగా ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది. ఒక నెలలో ఇరవై పడిందంటే ఎవరైనా సరేనంటారు. అదే 1968 అని వచ్చి ఉంటే చూసిన మొదటి మనిషే పట్టుకునేవాడు.

ఇలాంటి తప్పు కోడ్ చదివితే వెంటనే దొరకదు. కూడే లూప్ సరిగ్గానే ఉంది, భాగించే లైనూ సరిగ్గానే ఉంది. లైన్లు సరిగ్గా ఉండి, వాటిలోకి వచ్చే విలువలు తప్పైనప్పుడు ప్రోగ్రామ్‌ను నడుస్తుండగా ఆపి లోపల ఏముందో చూడాలి. అలా ఆపి విలువలు చూపించే పనిముట్టే డీబగ్గర్, ఎక్కడ ఆగాలో చెప్పే గుర్తు బ్రేక్‌పాయింట్. భాగించే లైను దగ్గర బ్రేక్‌పాయింట్ పెట్టి డీబగ్గర్‌లో నడిపితే టోటల్ 1240 అని కనిపిస్తుంది. మండలాల సంఖ్య పెట్టుకునే కౌంట్ 63 అని కనిపిస్తుంది. అనంతపురం వాళ్లకు ఆ 63 ఎక్కడిదో చెప్పక్కర్లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు పాత జిల్లాలోని 63 మండలాల్లో 31 అనంతపురానికి మిగిలాయి, 32 శ్రీ సత్యసాయి జిల్లాకు వెళ్లాయి. డేటా కొత్త జిల్లాది, భాగహారం పాత జిల్లాది.

ఇప్పుడు డీబగ్గర్‌లోనే కౌంట్‌ను 31గా మార్చి ప్రోగ్రామ్‌ను ముందుకు నడిపితే సగటు 40 అని వస్తుంది. చాలామంది ఇక్కడే ‘దొరికింది’ అనుకుని సోర్స్ కోడ్ తెరిచి, భాగించే లైనుకు ముందు కౌంట్‌కు 31 ఇచ్చేసి ఇంటికి వెళ్లిపోతారు. దొరికింది మాత్రం సగమే. కౌంట్ సరిగ్గా ఉంటే అక్కడి నుంచి కింది లెక్కంతా సరిగ్గా నడుస్తుందని మాత్రమే ఆ మార్పు చెప్పింది. 63 ఎలా వచ్చిందో, ఎవరు పెట్టారో అది చెప్పలేదు. తుంగభద్ర ఎగువ కాలువ (హెచ్‌ఎల్‌సీ) పిల్ల కాలువలో చివరి పొలాలకు నీళ్లు అందకపోతే, కాలువ మధ్యలో ట్యాంకరుతో నీళ్లు వదిలి చూసినట్టు ఇది. ఆ నీళ్లు చివరిదాకా పారితే కింది సగంలో గండి లేదని తెలుస్తుంది. గండి పైన ఎక్కడుందో వెతకటం ఇంకా మిగిలే ఉంటుంది, ట్యాంకరు నీళ్లతో పంట పండదు కూడా.

ఆ మిగిలిన సగానికి వేరే పనిముట్టు ఉంది. రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో రాసిన జీడీబీ అనే డీబగ్గర్‌లో ‘వాచ్’ అనే కమాండ్ వేరియబుల్‌ను కాపలా కాస్తుంది. వాచ్ అని కౌంట్ పేరు ఇచ్చి ప్రోగ్రామ్‌ను వదిలేస్తే, ఆ విలువ మారిన ప్రతిసారీ జీడీబీ ఆపి పాత విలువ ఇంత, కొత్త విలువ ఇంత అని చూపిస్తుంది. మన ఉదాహరణలో మొదటిసారి 0 నుంచి 31కి మారినప్పుడు ఆగుతుంది. అది ఫైల్ చదివే ఫంక్షన్, కాబట్టి అక్కడ తప్పు లేదు. ముందుకు వదిలితే 31 నుంచి 63కి మారినప్పుడు మళ్లీ ఆగుతుంది. ఈసారి ఆగింది సెట్టింగుల ఫైల్ చదివే ఫంక్షన్‌లో. విభజనకు ముందు ఎవరో రాసి మర్చిపోయిన పాత సెట్టింగు, ఫైల్ నుంచి లెక్కపెట్టి పెట్టుకున్న సరైన అంకెను తొక్కేస్తోంది. అసలు మరమ్మతు జరగాల్సింది అక్కడ, భాగించే లైను దగ్గర కాదు. భాగించే లైను దగ్గర 31 రాసేసి ఊరుకుంటే, రేపు అదే ప్రోగ్రామ్‌కు శ్రీ సత్యసాయి జిల్లా ఫైల్ ఇచ్చినప్పుడు సగటు మళ్లీ తప్పుతుంది. ఈసారి తేడా ఒక్క మండలమే కాబట్టి అసలు ఎవరి కంటా పడదు.

వాచ్‌కు కొన్ని పరిమితులున్నాయి. ఇంటెల్ తరహా ప్రాసెసర్లలో ఈ కాపలాకు నాలుగే హార్డ్‌వేర్ రిజిస్టర్లు (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ గదులు) ఉంటాయి. అంతకు మించి అడిగినా, పెద్ద అర్రే (విలువల వరుస) మొత్తాన్ని కాపలా కాయమన్నా జీడీబీ సాఫ్ట్‌వేర్ పద్ధతికి దిగుతుంది. అంటే ప్రతి ఇన్‌స్ట్రక్షన్ తర్వాతా ఆగి విలువ మారిందా అని చూసుకుంటుంది. ప్రోగ్రామ్ వందల రెట్లు నెమ్మదిస్తుంది. ఫంక్షన్ లోపలి లోకల్ వేరియబుల్ మీద పెట్టిన వాచ్ ఆ ఫంక్షన్ ముగియగానే తీసేయబడుతుంది. కొత్తవాళ్లు దాన్ని చూసి డీబగ్గర్ చెడిపోయిందనుకుంటారు.

కనిపించే విలువ అంటే ఏమిటి

విలువ చూడటం ఏముంది, ప్రింట్ కొడితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. సంఖ్యల వరకు చాలాసార్లు సరిపోతుంది కూడా. అసలు చిక్కు అక్షరాల దగ్గర మొదలవుతుంది. మండలాల పేర్లు తెలుగులో ఉన్న ఫైల్‌ను పైథాన్‌లో చదివి, వర్షపాతం పట్టికలో గుంతకల్ వరుసను వెతుకుతున్నారనుకుందాం. పేరు కళ్లెదురుగానే ఉంటుంది, పోల్చి చూస్తే రెండూ సమానం కాదంటుంది ప్రోగ్రామ్. రెంటినీ ప్రింట్ చేస్తే అచ్చం ఒకేలా కనిపిస్తాయి. పొడవు అడిగితే గుట్టు బయటపడుతుంది: ఒకదానికి 7, రెండోదానికి 8. పొల్లుతో ముగిసే మాట టైప్ చేసేటప్పుడు కొన్ని కీబోర్డులు చివర కంటికి కనబడని ఒక గుర్తును చేరుస్తాయి. యూనికోడ్‌లో దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. దాని వెడల్పు సున్నా కాబట్టి మామూలు ప్రింట్‌లో ఎంత చూసినా కనిపించదు. పైథాన్ డీబగ్గర్ పీడీబీలో ‘పీ’ కమాండ్ ఇస్తే మాత్రం పేరు కోట్‌లలో వస్తుంది, ఆ కనబడని అక్షరం తన యూనికోడ్ సంఖ్యతో సహా బయటపడుతుంది. ‘కూడేరు’ చివర ఒక స్పేస్ అంటుకుని ఉన్నా కోట్ గుర్తు ఒక అడుగు దూరంగా పడటంతో వెంటనే తెలిసిపోతుంది. తెలుగు డేటాతో పనిచేసేవాళ్లు ఇంగ్లిష్ డేటాతో పనిచేసేవాళ్ల కన్నా ఈ తేడాను ముందే నేర్చుకోవాలి. ఇంగ్లిష్ ట్యుటోరియళ్లు చూసి నేర్చుకుంటే ఈ సంగతి ఎక్కడా తగలదు.

డీబగ్గర్ చూపించే కొన్ని అంకెలు తమ కథ తామే చెప్తాయి. విజువల్ స్టూడియోలో సీ ప్రోగ్రామ్ ఆపి చూస్తే ఒక ఇంటీజర్‌లో -858993460 అని కనిపిస్తే దాన్ని ఏదో చెత్త విలువ అని కొట్టిపారేయకూడదు. విలువ ఇవ్వకుండా వదిలేసిన లోకల్ వేరియబుళ్లను విజువల్ స్టూడియో కంపైలర్ (కోడ్‌ను మెషీన్ భాషలోకి మార్చే ప్రోగ్రామ్) డీబగ్ బిల్డ్‌లో, అంటే తప్పులు వెతకటానికి తయారుచేసే వెర్షన్‌లో, ఒకే రకం బైట్లతో కావాలనే నింపిపెడుతుంది. ఆ బైట్లను ఇంటీజర్‌గా చదివితే వచ్చే సంఖ్యే ఇది. అంటే ఈ వేరియబుల్‌కు ఇంకా ఎవరూ విలువ ఇవ్వలేదని అది చెప్తున్నట్టు. అదే ప్రోగ్రామ్‌ను వాడేవాళ్లకు ఇచ్చే రిలీజ్ బిల్డ్‌లో ఆ నింపడం ఉండదు. అక్కడ ఒకసారి సున్నా, ఒకసారి ఇంకేదో వస్తుంది. దాంతో ‘నా సిస్టమ్‌లో బాగానే నడుస్తోంది’ అనే గొడవ మొదలవుతుంది.

దీనికి పూర్తిగా ఎదురు పరిస్థితి కూడా ఉంది, అక్కడ డీబగ్గర్ విలువే చూపించదు. ఆప్టిమైజేషన్ (కోడ్ వేగంగా నడిచేలా కంపైలర్ చేసే మార్పులు) పెట్టి కంపైల్ చేసిన ప్రోగ్రామ్‌లో వేరియబుల్ పేరు ఇస్తే జీడీబీ ‘ఆప్టిమైజ్డ్ అవుట్’ అంటుంది. కంపైలర్ ఆ వేరియబుల్‌ను కొంతసేపు రిజిస్టర్‌లో ఉంచి, అవసరం తీరాక ఆ రిజిస్టర్‌ను వేరే పనికి వాడుకుంది. చూడటానికే లేనిదాన్ని మార్చటం ఇంకెక్కడిది? లైన్లు కూడా వరుసలో నడవవు, స్టెప్ వేస్తుంటే కర్సర్ కిందికీ పైకీ గెంతుతుంది. డీబగ్ సమాచారం చేర్చి, ఆప్టిమైజేషన్ తీసేసి మళ్లీ కంపైల్ చేసుకోవటమే సులువైన దారి. జావాలో ఇలాంటిదే ఇంకొకటి ఉంది. స్టాటిక్ ఫైనల్‌గా ప్రకటించిన స్థిర సంఖ్యను కంపైలర్ ముందుగానే వాడిన చోటల్లా నేరుగా నింపేస్తుంది. డీబగ్గర్ ఆ ఫీల్డ్ విలువను మార్చనిచ్చినా, లెక్కలు మాత్రం పాత అంకెతోనే సాగిపోతాయి.

క్రోమ్ బ్రౌజర్ కన్సోల్‌లో మరో రకం మోసం ఉంది. ఒక ఆబ్జెక్ట్‌ను కన్సోల్‌లో లాగ్ చేసి, పక్కనున్న చిన్న త్రికోణాన్ని తర్వాతెప్పుడో నొక్కి తెరిస్తే, అందులో కనిపించేది లాగ్ చేసిన క్షణంలోని విలువ కాదు, తెరిచిన క్షణంలోని విలువ. మధ్యలో ప్రోగ్రామ్ దాన్ని మార్చేసి ఉంటే, ఇంకా జరగాల్సింది ముందే జరిగిపోయినట్టు కనిపిస్తుంది. ఆ లైను దగ్గర బ్రేక్‌పాయింట్ పెట్టి ఆపితే ఈ తికమక ఉండదు.

మార్చి చూడటంలో అసలు లాభం

విలువ మార్చటం వల్ల బగ్ పోదు. ప్రోగ్రామ్ ఆపి మళ్లీ నడిపితే మార్పంతా గాల్లో కలిసిపోతుంది. అయినా దానికి విలువుంది, ఎందుకంటే అది ప్రోగ్రామ్‌ను నేరుగా ఒక ప్రశ్న అడగటం. సరైన ప్రశ్నలు ఎలా అడగాలో ఒక పాత ఉదాహరణతో చూడొచ్చు.

టర్బో సీ నీలం స్క్రీన్ మీద మండీ బిల్లు ప్రోగ్రామ్. చెనిక్కాయలు క్వింటాలు 6500 రూపాయలు అనుకుందాం. ఐదు క్వింటాళ్లకు 32500 అని సరిగ్గా వస్తుంది. ఆరు క్వింటాళ్లకు -26536 వస్తుంది. సరుకు తెచ్చిన రైతే మండీకి బాకీ పడ్డాడన్నమాట! టర్బో సీలో ఇంటీజర్‌కు 16 బిట్లే, 32767 దాటితే అది మైనస్‌లోకి తిరిగిపోతుంది. 39000లోంచి 65536 తీసేస్తే వచ్చేదే ఆ -26536. ఇది తెలిసినవాళ్లకు అంకె చూడగానే అర్థమవుతుంది. తెలియనివాళ్లు కూడా మార్చి చూసి కనుక్కోవచ్చు. టర్బో సీలో కంట్రోల్ ఎఫ్4 నొక్కితే ఎవాల్యుయేట్ మోడిఫై అనే పెట్టె తెరుచుకుంటుంది, విలువ చూడటానికీ మార్చటానికీ అదే. గుణకారానికి ముందే ఆగి క్వింటాళ్లను 5 చేస్తే బాగుంటుంది, 6 చేస్తే చెడిపోతుంది. క్వింటాళ్లు 6 ఉంచి ధరను 5000కు దించితే 30000, బాగుంది. అంటే తప్పు క్వింటాళ్లలో లేదు, ధరలోనూ లేదు, వాటి గుణకారం ఎంత పెద్దదన్న దానిలో ఉంది. కీబోర్డు నుంచి మళ్లీ మళ్లీ ఇన్‌పుట్లు కొట్టకుండానే ఈ మాట తేలిపోయింది.

ఆ తర్వాత చేసే సవరణలోనే చాలామంది పడతారు. మొత్తం పెట్టుకునే వేరియబుల్‌ను లాంగ్‌గా, అంటే 32 బిట్ల పెద్ద ఇంటీజర్‌గా మారుస్తారు. మళ్లీ నడిపితే మళ్లీ -26536. ఇప్పుడు గుణకారం అయిపోయాక ఆపి, మొత్తాన్ని 39000గా మార్చి ముందుకు నడిపితే కింద అంతా బాగుంటుంది. నూటికి 2 చొప్పున కమీషన్ 780 అని సరిగ్గా వస్తుంది. ఈ ఒక్క మార్పు రెండు సంగతులు చెప్పింది. 39000ను పెట్టుకునే స్థలం మొత్తానికి ఉంది, కాబట్టి లాంగ్ చేయటం పనిచేసింది. అయినా దాంట్లోకి తప్పు విలువ వస్తోంది, కాబట్టి తప్పు అందులో పెట్టేముందే జరిగిపోయింది. క్వింటాళ్లూ ధరా రెండూ మామూలు ఇంటీజర్లు కావటంతో గుణకారం 16 బిట్లలోనే జరిగి, చెడిపోయిన తర్వాత లాంగ్‌లోకి చేరింది. రెంటిలో ఒకదాన్ని లాంగ్ చేస్తే సరిపోతుంది.

టర్బో సీ కాలం పోయిందిగా, ఇప్పుడు 32 బిట్లు కదా అనొచ్చు. 32 బిట్ల ఇంటీజర్ హద్దు 2147483647. డబ్బును పైసల్లో లెక్కపెట్టే బిల్లింగ్ ప్రోగ్రామ్‌లో అది 2 కోట్ల 14 లక్షల 74 వేల 836 రూపాయల 47 పైసలు. సీజన్లో పెద్ద యార్డు టర్నోవరును ఒకే వేరియబుల్‌లో కూడుతూ పోతే ఆ హద్దు తగలటం పెద్ద వింతేం కాదు.

మార్చి చూడటానికి ఇంకో గొప్ప ఉపయోగం, మామూలుగా ఎప్పుడూ నడవని కోడ్‌ను నడిపించటం. భారత వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 204.5 మిల్లీమీటర్లు, లేదా అంతకు మించి పడితే అత్యంత భారీ వర్షం. అలాంటప్పుడు హెచ్చరిక పంపే భాగం మన ప్రోగ్రామ్‌లో ఉందనుకుందాం. అనంతపురం డేటాతో దాన్ని పరీక్షించాలంటే ఏళ్లు కాచుకోవాలి. బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగి, ఆ రోజు అంకెను 210 చేసి వదిలితే హెచ్చరిక కోడ్ వెంటనే నడుస్తుంది. అందులోని స్పెల్లింగ్ తప్పు దగ్గర్నుంచి ఖాళీగా ఉన్న ఫోన్ నంబర్ల జాబితా దాకా అన్నీ బయటపడతాయి. డిస్కు నిండిపోయినట్టు, ఫైల్ దొరకనట్టు నటింపజేయటమూ అంతే. ఫైల్ తెరిచే ఫంక్షన్ తిరిగిచ్చిన పాయింటర్‌ను సున్నాగా మార్చి వదిలితే, ప్రోగ్రామ్ మర్యాదగా మెసేజ్ ఇస్తుందో, ధబేల్‌మని కూలుతుందో తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఒక విలువ చాలాసార్లు ఒంటరిగా ఉండదు. రోజు అంకెను 210 చేశారు, కానీ అంతకు ముందే పాత అంకె నెల మొత్తంలో కలిసిపోయి ఉండొచ్చు. కౌంట్‌ను 31 నుంచి 40కి మార్చారు, కానీ అర్రేలో ఉన్నవి 31 అంకెలే. ఇలా మార్చి వదిలాక ప్రోగ్రామ్ కూలిపోతే అది ప్రోగ్రామ్ తప్పు కాదు. మామూలు దారిలో ఎప్పటికీ రాని స్థితిలోకి దాన్ని మనమే నెట్టాం. డీబగ్గర్‌లో మార్చి సృష్టించుకున్న ఇలాంటి బగ్గును పట్టుకుని సాయంత్రం దాకా తిరగడం కన్నా దండగ పని లేదు. మార్చేముందు ఈ వేరియబుల్‌తో పాటు ఇంకేవి కలిసి మారాలో ఒక్క నిమిషం ఆలోచించాలి. మార్చాక ఏం వస్తుందో కూడా ముందే కాగితం మీద రాసుకోవటం మంచిది. ‘40 రావాలి’ అని రాసుకుని 40 చూస్తే ఊహ నిలబడినట్టు. రాసుకోకపోతే ఏ అంకె వచ్చినా దానికి తగ్గ కారణం అప్పటికప్పుడు తోస్తుంది.

చూడబోయి మార్చేయటం

అన్నిటికన్నా చికాకు పెట్టేది, చూస్తున్నామనుకుంటూ తెలియకుండానే మార్చేయటం. జీడీబీలో ప్రింట్ కమాండ్‌కు ఏ ఎక్స్‌ప్రెషన్ ఇచ్చినా దాన్ని నిజంగానే లెక్కగడుతుంది. ప్రింట్ పక్కన కౌంట్ = 63 అని ఒకే సమానం గుర్తుతో రాస్తే అది పోల్చదు, కౌంట్‌లో 63 పెట్టేసి 63 అని చూపిస్తుంది. ఇదే తప్పు షరతు ఉన్న బ్రేక్‌పాయింట్‌లో ఇంకా ఘోరం. కౌంట్ సున్నా అయినప్పుడు ఆగమని రాయబోయి కౌంట్ = 0 అని రాస్తే, ఆ లైనుకు వచ్చిన ప్రతిసారీ కౌంట్ సున్నా అవుతుంది. ఆ ఎక్స్‌ప్రెషన్ విలువ కూడా సున్నాయే, అంటే షరతు అబద్ధం, కాబట్టి డీబగ్గర్ ఎప్పుడూ ఆగదు. చప్పుడు లేకుండా లెక్కలు పాడవుతాయి. రెండు సమానం గుర్తులు పెట్టారా లేదా అని చూసుకోవాల్సింది కోడ్‌లోనే కాదు.

స్టెప్ స్టెప్‌కూ విలువలు చూపించే వాచ్ విండోలో ఫంక్షన్ పిలుపులు పెట్టుకునేవాళ్లకు ఇదే ముప్పు. ఫైల్‌లోంచి తర్వాతి వరుస చదివి ఇచ్చే ఫంక్షన్‌ను వాచ్‌లో పెడితే, స్టెప్ వేసిన ప్రతిసారీ డీబగ్గర్ దాన్ని పిలుస్తుంది. ఒక్కో స్టెప్‌కు ఒక్కో మండలం మాయమవుతుంది. డీబగ్గర్‌లో 20 మండలాలు, బయట 31 మండలాలు వస్తుంటే డేటాను అనుమానించేముందు వాచ్ విండోను ఒకసారి చూడాలి.

వెబ్ ప్రాజెక్టుల్లో ఈ చిక్కు కాస్త మర్యాదగా వస్తుంది. వెబ్‌సైట్లు కట్టే పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో క్వెరీసెట్ (డేటాబేస్‌ను అడగబోయే ప్రశ్న) అనేది అవసరం పడేదాకా డేటాబేస్ దగ్గరికి వెళ్లదు. డీబగ్గర్ దాన్ని చూపించబోతే మాత్రం అప్పటికప్పుడు డేటాబేస్‌కు క్వెరీ పంపి 21 వరుసలు తెచ్చుకుంటుంది, 20 చూపించి మిగతావి ఇంకా ఉన్నాయంటుంది. జావాలో డేటాబేస్ వరుసలను ఆబ్జెక్టులుగా అందించే హైబర్నేట్ వాడేవాళ్లకు దీని వల్ల అసలు బగ్గే మాయమవుతుంది. డేటాబేస్‌తో సెషన్ మూసేశాక ఇంకా లోడ్ కాని ఆబ్జెక్ట్‌ను ముట్టుకుంటే ప్రోగ్రామ్ కూలాలి. డీబగ్గర్‌లో ఆ ఆబ్జెక్ట్‌ను తెరిచి చూడగానే, సెషన్ ఇంకా మూయకముందే అది లోడ్ అయిపోతుంది, తర్వాత అంతా హాయిగా నడుస్తుంది. డీబగ్గర్ తీసేస్తే మళ్లీ కూలుతుంది. థ్రెడ్ల (ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే పనుల) మధ్య పోటీ వల్ల వచ్చే బగ్గులూ అంతే. ఒక దాన్ని ఆపి చూస్తుంటే రెండోది పని ముగించేస్తుంది, ఇక పోటీ ఎక్కడిది? అలాంటి చోట ఆపకుండా విలువను రాసి పోయే లాగ్‌పాయింట్ మేలు. వీఎస్ కోడ్‌లోనూ, క్రోమ్‌లోనూ అది ఉంది. పాతకాలపు ప్రింట్‌ఎఫ్‌ను ఎగతాళి చేసేవాళ్లు ఈ ఒక్క విషయంలో ఆగాలి. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అన్న ప్రశ్నకు ప్రింట్ లైన్లు డీబగ్గర్ కన్నా బాగా జవాబిస్తాయి. ముందుగా ఊహించని వేరియబుల్‌ను అప్పటికప్పుడు అడగాల్సి వచ్చినప్పుడే డీబగ్గర్ తన సత్తా చూపిస్తుంది.

పేర్ల గొడవ కూడా ఒకటుంది, చిన్నదే. పీడీబీలో ‘ఎన్’ అనే వేరియబుల్ విలువ చూద్దామని ఎన్ కొడితే అది తర్వాతి లైనుకు వెళ్లిపోతుంది, ‘సీ’ కొడితే ప్రోగ్రామ్ వదిలేసి పరిగెడుతుంది. అవి దాని సొంత కమాండ్లు. చూడాలంటే ముందు ‘పీ’ పెట్టాలి, మార్చాలంటే ముందు ఆశ్చర్యార్థకం పెట్టాలి. జీడీబీలో మార్చటానికి వట్టి ‘సెట్’ కాకుండా ‘సెట్ వార్’ వాడాలి. బుక్కరాయసముద్రం చెరువు కట్ట కొలతల ప్రోగ్రామ్‌లో విడ్త్, హైట్ అనే వేరియబుళ్లుంటే తేడా తెలుస్తుంది. ఆ రెండు పేర్లనూ జీడీబీ తన స్క్రీన్ కొలతలకు వాడుకుంటుంది, వట్టి సెట్ ఇస్తే మన వేరియబుల్ మారదు. పైథాన్‌లో ఇంకో పాత గొడవ కూడా ఉండేది. ఆగిన ఫంక్షన్‌ను పిలిచిన ఫంక్షన్ ఫ్రేమ్‌లోకి (దాని లోకల్ వేరియబుళ్లుండే చోటుకు) పైకి వెళ్లి, అక్కడి లోకల్ వేరియబుల్‌ను మారిస్తే ఆ మార్పు నిలవకుండా పోయేది. 2024లో వచ్చిన పైథాన్ 3.13తో అది సర్దుకుంది. ల్యాబుల్లో పాత వెర్షన్ ఉంటే, మార్చిన వెంటనే మరోసారి ప్రింట్ చేసి చూసుకోవటం మంచిది.

ఇదంతా మన సొంత ల్యాప్‌టాప్ మీద ఆడుకున్నంతసేపు పేచీ లేదు. అనంతపురంలో చదువుకుని 200 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో ఉద్యోగంలో చేరినవాళ్లకు మొదటి నెలల్లోనే ఎదురయ్యేది వేరే సంగతి. నడుస్తున్న సర్వర్‌కు డీబగ్గర్ తగిలించి చూడాలనే ఆత్రం. బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగేది ఒక్కరి స్క్రీన్ కాదు, ఆ సర్వర్ మీదకు వచ్చే వాళ్లందరి రిక్వెస్టులూ ఆగొచ్చు. డేటాబేస్ ట్రాన్సాక్షన్ మధ్యలో ఆగితే, ఆ వరుసల మీద వేసిన తాళం అలాగే ఉండిపోయి, వాటి కోసం వచ్చిన మిగతావాళ్లంతా వెనక క్యూ కడతారు. విలువ మార్చి వదిలితే అది మెమరీలోనే ఆగదు, బిల్లుగానో మెసేజ్‌గానో నిజంగా బయటికి వెళ్లిపోతుంది. ప్రయోగం కోసం పెట్టిన 210 మిల్లీమీటర్ల వాన నిజమైన ఫోన్లకు హెచ్చరికగా చేరుతుంది.

ఇంకో ప్రమాదం తలుపు తెరిచి వదలటం. జావా రిమోట్ డీబగ్గింగ్‌కు వాడే ప్రోటోకాల్‌లో పాస్‌వర్డ్ అడిగే ఏర్పాటే లేదు. ఆ పోర్టు బయటి నెట్‌వర్క్‌కు కనిపిస్తే, తగులుకున్న ఎవరైనా విలువలు చూడొచ్చు, మార్చొచ్చు, తమకు నచ్చిన కోడ్‌ను కూడా నడపొచ్చు. సర్వర్ మీద జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ డీబగ్ పోర్టు 9229 మామూలుగా సొంత మెషీన్‌కే పరిమితమై ఉంటుంది. పక్క సీటు నుంచి కనెక్ట్ కావటం లేదని విసుగొచ్చి దాన్ని అన్ని అడ్రసులకూ తెరిచిపెట్టి, సాయంత్రం మూయటం మరిచి వెళ్లిపోతేనే చిక్కు. సర్వర్ మీద తప్పనిసరిగా చూడాల్సి వస్తే ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ (లాగిన్ అయి తెరుచుకునే భద్రమైన దారి) గుండా, టెస్ట్ కాపీ మీద చూడాలి. మార్చి చూడాల్సిన పని ఏదైనా ఉంటే అది ఆ టెస్ట్ కాపీలోనే.